పేరు తెలిస్తే చాలు, బటన్ వెతకనక్కర్లేదు

ఇంటి ప్లాన్లు గీయడం నా వృత్తి. రోజులో ఎక్కువ సమయం కంప్యూటరులో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ముందే గడుస్తుంది. ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు గీస్తున్నప్పుడు పక్కన నిలబడి చూస్తే ఒక సంగతి ఇట్టే తెలిసిపోతుంది. తెర పైభాగమంతా పరుచుకుని ఉండే బొమ్మల బటన్ల వైపు వాళ్ల మౌస్ దాదాపుగా పోదు. కుడిచేయి మౌస్ మీద ఉండి గీతల్లోని బిందువులను చూపిస్తూ ఉంటుంది. ఎడమచేయి ఒకటో రెండో అక్షరాలు కొట్టి, బొటనవేలితో స్పేస్‌బార్ నొక్కుతూ ఉంటుంది. తయారుచేసినవాళ్లు ఇన్ని బటన్లను కళ్లెదుట పెట్టినా, దానితో పొద్దస్తమానం పనిచేసేవాళ్లు వాటిని వదిలి మరో దారిన పోతున్నారంటే అందులో ఆలోచించవలసిన విషయం ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఒక సాఫ్ట్‌వేర్ చేయగలిగిన ప్రతి పనికీ ఒక పేరు ఉండాలి, ఆ పేరుతో ఆ పనిని పిలిచే వీలు ఉండాలి. ఆ ఒక్కటీ ఉంటే కీబోర్డు, వెతుకుడు పెట్టె, స్క్రిప్టు, గొంతు, తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఇవన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లోకి దారులవుతాయి. అది లేకపోతే కళ్లూ మౌసూ తప్ప వేరే దిక్కు ఉండదు.

అడుగులు, అంగుళాల లెక్కలో పెట్టుకున్న ఫైలులో ఒక గది గీయాలనుకుందాం. లోపలి కొలత 12 అడుగులకు 10 అడుగులు, చుట్టూ తొమ్మిదంగుళాల గోడ. 'ఆర్‌ఈసీ' అని కొట్టి స్పేస్ నొక్కగానే దీర్ఘచతురస్రపు కమాండ్ మొదలై, కింద ఉన్న కమాండ్ లైన్ అనే గడిలో మొదటి మూల ఎక్కడ అని అడుగుతుంది. ఒకచోట క్లిక్ చేస్తే రెండో మూల ఎక్కడ అని అడుగుతుంది. ఎట్ గుర్తు (@) పెట్టి 12 అడుగులు, కామా, 10 అడుగులు అని కొట్టి ఎంటర్ నొక్కితే గది లోపలి హద్దు పడిపోతుంది. తరువాత ఆఫ్‌సెట్, అంటే ఉన్న గీతకు సమాన దూరంలో మరో గీత వేయడం కోసం 'ఓ' కొట్టి స్పేస్, 9 కొట్టి స్పేస్; ఆ హద్దును చూపించి బయటివైపు ఒక్క క్లిక్ చేస్తే గోడ తయారు. తలుపు పెట్టవలసిన చోట ఒక అడ్డగీత వేసి, దాన్ని మూడడుగుల దూరంలో ఆఫ్‌సెట్ చేసి, 'టీఆర్' కొట్టి మధ్య ముక్కలను ట్రిమ్ చేస్తాం, అంటే కత్తిరిస్తాం. ఈ పనంతటిలో చూపు ఒక్కసారి కూడా గదిని వదిలి పైకి పోలేదు. ఏ కమాండూ నడవనప్పుడు ఉట్టి స్పేస్ నొక్కితే ఇంతకుముందు వాడిన కమాండే మళ్లీ మొదలవుతుంది కనుక, పది గోడలను వరుసగా ఆఫ్‌సెట్ చేయవలసి వచ్చినప్పుడు ఎడమచేతిలో బొటనవేలు తప్ప మరేదీ పెద్దగా కదలనక్కర్లేదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది వేగం కాదు, ఆ సంభాషణ. కమాండ్ లైన్ ప్రతి మెట్టులోనూ తనకు ఏం కావాలో అడుగుతుంది, ఇంకా ఏమేం చేయవచ్చో పక్కనే చూపిస్తుంది, అందులో ఒకటి కావాలంటే దాని గుర్తుగా ఇచ్చిన అక్షరం కొడితే సరిపోతుంది. ఎక్కడైనా అనుమానం వస్తే ఎఫ్2 నొక్కి, ఇప్పటివరకు జరిగిన మాటామంతీ అంతా తిరిగి చదువుకోవచ్చు. బటన్లు మాత్రమే ఉన్న సాఫ్ట్‌వేర్‌లో చేసిన పనికి సాధారణంగా ఇటువంటి జాడ మన కంటికి మిగలదు. రాసి పిలిచిన పని రాతగా మిగులుతుంది. మిగిలిన ఆ రాతను ఒక ఫైలులో పెడితే అదే స్క్రిప్టు అవుతుంది, మరుసటి రోజు వంద డ్రాయింగుల మీద అదే పని చేయిస్తుంది.

ఆటోక్యాడ్ మొదటిసారి విడుదలైంది 1982 డిసెంబరులో. తెర పైభాగంలో బటన్లు పరిచి ఉండే, ఇప్పుడు మనం చూసే రిబ్బన్ అనే పట్టీ అందులోకి వచ్చింది ఆటోక్యాడ్ 2009తో. అంటే కమాండ్ లైన్ ముందు, బటన్ల రిబ్బన్ ఎంతో తరువాత. అయినా ఆ కంపెనీ పాత దారిని మూసేయలేదు, అది చాలా మంచి పని. 1986లో ఆటోలిస్ప్ అనే చిన్న భాష కూడా అందులో చేరింది. గదిలో క్లిక్ చేస్తే వైశాల్యం లెక్కగట్టి మధ్యలో రాసిపెట్టేవి, తలుపులు కిటికీల పట్టిక తయారుచేసేవి, ఆ భాషలో రాసిన ఇలాంటి చిన్న చిన్న ప్రోగ్రాములు, మా మాటల్లో లిస్పులు, మా వృత్తిలో చేతులు మారుతూ తిరుగుతూనే ఉంటాయి. వాటిని రాసినవాళ్లలో చాలామంది ప్రోగ్రామర్లు కారు, డ్రాఫ్ట్స్‌మెన్. రోజూ కొట్టే కమాండ్ల పేర్లే ఆ భాషలోనూ ఉండటం వల్ల వాళ్లు అక్కడిదాకా పోగలిగారు. మెనూలో బొమ్మను నొక్కడం మాత్రమే తెలిసిన మనిషికి ఆ బొమ్మ నుంచి ప్రోగ్రాము రాయడానికి మెట్లు లేవు. కమాండ్ పేరు తెలిసిన మనిషికి ఉన్నాయి.

అమీర్‌పేటలో క్యాడ్ నేర్పే చోట్లకు, పాలిటెక్నిక్ సివిల్ విద్యార్థులకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. రిబ్బన్‌లో ఏ ట్యాబ్ కింద ఏ బొమ్మ ఉందో కంఠస్థం చేసుకున్న విద్య, కొత్త వెర్షన్‌లో ఆ బొమ్మలు చోటు మారగానే చెల్లకుండా పోతుంది. బ్రిక్స్‌క్యాడ్ లాంటి వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో కూర్చోబెడితే తెర అంతా కొత్తగా కనిపిస్తుంది, కానీ లైన్, ఆఫ్‌సెట్, ట్రిమ్, ఫిల్లెట్ అన్న పేర్లు అక్కడా అవే, లిస్పులు కూడా చాలావరకు అక్కడా నడుస్తాయి.

కుడిచేత చూపించడం, ఎడమచేత చెప్పడం అన్న ఈ పద్ధతి ఇప్పటి డ్రాఫ్ట్స్‌మెన్ కనిపెట్టినది కాదు. కంప్యూటరు తెరపై బొమ్మ గీయడం ఎంత పాతదో ఇదీ అంత పాతది. 1963లో ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ తన డాక్టరేట్ కోసం చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో ఒక చేత లైట్ పెన్ను పట్టుకుని తెర మీద చోటు చూపిస్తే, రెండో చేత బటన్ల పెట్టె మీద ఏం చేయాలో చెప్పేవారు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను లోకానికి చూపించిన ప్రదర్శనను అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఆయన ఎడమచేతి కింద అయిదు మీటల చిన్న పలక కూడా ఉన్నదన్న సంగతిని చాలామంది మరిచిపోయారు. మీటలను విడివిడిగానూ కలిపీ నొక్కి అక్షరాలను, ఆజ్ఞలను ఇచ్చే సాధనం అది. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ అనే కంప్యూటరు కీబోర్డులో కూడా జరపడానికి, నకలు తీయడానికి, చెరిపేయడానికి విడిగా మీటలుండేవి. మౌస్ పుట్టినప్పుడే దానికి తోడుగా రెండో చేయి ఉంది. ఆ తోడును వదిలేసి, చూపించడమూ చెప్పడమూ రెండూ ఒక్క మౌస్ మీదే మోపిన తరువాతనే తెర మీద బటన్ల అడవి పెరిగిందని నా నమ్మకం.

మౌస్‌తో ఒక గురిని చేరుకోవడానికి పట్టే సమయం గురి ఎంత దూరంలో ఉందో, ఎంత చిన్నదో అన్నదాన్నిబట్టి పెరుగుతుందని 1954లో పాల్ ఫిట్స్ ప్రతిపాదించిన సూత్రం ద్వారా లెక్కకట్టవచ్చు. పెద్ద మానిటర్‌లో పైభాగాన దూరంగా ఉన్న చిట్టి బొమ్మ ఈ రెండు లెక్కల్లోనూ ఓడిపోతుంది. అయితే కీబోర్డు పక్షాన వాదించేవాళ్లు ఒక న్యాయమైన అభ్యంతరానికి జవాబు చెప్పాలి. మెనూలో పేరు కంటబడితే గుర్తుపట్టడం తేలిక. ఏ ఆధారమూ లేకుండా పేరును గుర్తుతెచ్చుకోవడం కష్టం. కొత్తగా నేర్చుకునే అమ్మాయికి ఖాళీ కమాండ్ లైన్ చూపించి 'ఏం కావాలో చెప్పు' అంటే ఆమె ఏం చెబుతుంది? కాబట్టి అసలు ప్రశ్న బటన్లా, కమాండ్లా అన్నది కాదు. మొదటి రోజు బటన్ నొక్కిన మనిషిని, తనకు తెలియకుండానే, రెండో దారిలోకి తీసుకుపోయే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా అందమైన జవాబు మార్కింగ్ మెనూ. టొరంటో విశ్వవిద్యాలయంలో గార్డన్ కర్టెన్‌బాక్ 1993లో దీని మీదే డాక్టరేట్ చేశారు. బిల్ బక్స్‌టన్ అనే పరిశోధకుడితో కలిసి ఈ విషయంపై పరిశోధనలు ప్రచురించారు. మౌస్ బటన్ నొక్కిపట్టుకుని సెకనులో మూడోవంతు ఆగితే, ఉన్నచోటనే చుట్టూ వలయంగా మెనూ విచ్చుకుంటుంది. కావలసిన వైపుకు మౌస్ లాగి వదిలితే ఆ పని జరుగుతుంది. ఏది ఎటువైపు ఉందో ముందే తెలిసిన మనిషి ఆగనక్కర్లేదు. నొక్కి, అటువైపు ఒక చిన్న గీత గీసినట్టు లాగి వదిలేస్తే చాలు, మెనూ కనిపించకుండానే పని అయిపోతుంది. ఇందులోని తెలివి అంతా ఒక్క చోట ఉంది: కొత్తవాడు మెనూ చూసి చేసే కదలికా, ఆరితేరినవాడు చూడకుండా చేసే కదలికా అచ్చంగా ఒకటే. కొత్తవాడు చేసే ప్రతి పనీ ఆరితేరడానికి సాధనే అవుతుంది. మామూలు మెనూలో అలా కాదు. అక్కడ ఎన్నివేలసార్లు మౌస్‌తో నొక్కినా దాని షార్ట్‌కట్ మన వేళ్లకు రాదు. వలయంలో అష్టదిక్కులకు మించి పెడితే గురి తప్పడం మొదలవుతుందని కూడా వాళ్ల ప్రయోగాలే తేల్చాయి. 1998లో వచ్చిన మాయా అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతిని తన ఆయువుపట్టుగా చేసుకుంది. అందులో స్పేస్‌బార్ నొక్కిపట్టుకుంటే మెనూలన్నీ మౌస్ ఉన్నచోటికే వస్తాయి. యానిమేషన్ స్టూడియోల్లో మాయా వాడేవాళ్ల చేతి కదలికను ఒకసారి గమనించండి, కళ్లు మాత్రం బొమ్మ మీదే ఉంటాయి.

బ్లెండర్ అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో రకం అందం ఉంది. అక్కడ కీబోర్డుకు ఒక వ్యాకరణం ఉంది: జి నొక్కితే జరపడం, ఆర్ నొక్కితే తిప్పడం, ఎస్ నొక్కితే పెంచడం తగ్గించడం, తరువాత ఎక్స్, వై, జెడ్‌లలో ఏ అక్షం మీదనో, తరువాత ఎంతో అంకె. జి, జెడ్, 2, ఎంటర్ అంటే ఎంచుకున్న వస్తువు రెండు యూనిట్లు పైకి పోతుంది. మూడు క్రియలూ మూడు అక్షాలూ నేర్చుకున్నవారికి వాటి కలయికలన్నీ ఉచితంగా వస్తాయి, విడిగా కంఠస్థం చేయవలసిన పని లేదు. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మనం మౌస్‌తో చేసిన పనుల్లో చాలావాటిని బ్లెండర్ ఇన్ఫో అనే కిటికీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వాక్యంగా రాసి చూపిస్తుంది. సెట్టింగులలో ఒక గడిలో టిక్కు పెడితే, బటన్ మీద మౌస్ నిలిపినప్పుడు ఆ బటన్ వెనక ఉన్న పైథాన్ పేరు కూడా కనిపిస్తుంది. మీరు ఇప్పుడు చేసినది ఇదీ, దీని పేరు ఇదీ అని సాఫ్ట్‌వేర్ తనంతట తానే చెప్పడం కన్నా మంచి పాఠం ఉంటుందని నేను అనుకోను. ఈ మధ్య మామూలు మాటల్లో చెబితే ఏఐ బ్లెండర్‌లో బొమ్మలు కట్టిపెడుతోందని ఆశ్చర్యపోతున్నాం. అది సాధ్యమవుతున్నది కూడా ఆ పైథాన్ పేర్లు ముందే ఉండబట్టే. ఏఐ రాసేది ఆ వాక్యాలనే.

పని పేరు కొడితే దాన్ని వెతికిపెట్టే వెతుకుడు పెట్టెల సంగతికి వస్తే, ఇప్పుడు అవి లేని పెద్ద సాఫ్ట్‌వేర్ అరుదు. ఫోటోలు సరిదిద్దే జింప్‌లో స్లాష్, బ్లెండర్‌లో ఎఫ్3 నొక్కితే వస్తాయి. ఆఫీస్‌లో 2016 వెర్షన్ నుంచి ఉంది. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2012లో హడ్ అనే పేరుతో అన్ని అప్లికేషన్ల మెనూలకూ కలిపి ఒకటి పెట్టింది, యూనిటీ అనే తన అప్పటి డెస్క్‌టాప్‌ను వదిలేసినప్పుడు దానితో పాటే అదీ పోయింది. వీటిలో నా ఓటు 2007 నాటి మ్యాక్ పద్ధతికే. అక్కడ హెల్ప్ మెనూలో ఒక మాట కొడితే, ఆ పేరున్న అంశం ఏ మెనూలో ఉందో ఆ మెనూను తెరిచి, బాణం గుర్తుతో చూపిస్తుంది. పని చేసిపెట్టడంతో ఆగకుండా అది ఉండే చోటునూ, పక్కనే రాసి ఉన్న షార్ట్‌కట్‌నూ చూపించడం వల్ల రెండోసారి వెతకవలసిన అవసరం తగ్గుతుంది. వెతుకుడు పెట్టెకు ఒక పరిమితి ఉంది: మనం అనుకున్న పేరూ తయారుచేసినవాళ్లు పెట్టిన పేరూ కలవకపోతే ఫలితం సున్నా.

ఇంతవరకు చెప్పినదంతా చూపూ చేతులూ బాగా పనిచేసేవారి సౌకర్యం. అవి సహకరించనివారికి ఇది సౌకర్యం కాదు, ఉపాధి. మణికట్టు నొప్పితో మౌస్ పట్టుకోలేనివారికి మాటతో ఆజ్ఞలిచ్చే ఏర్పాట్లు వచ్చాయి. 2019 నుంచి మ్యాక్‌లో ఉన్న వాయిస్ కంట్రోల్ తెర మీద నొక్కదగిన ప్రతిదానికీ ఒక అంకె వేసి చూపిస్తుంది. ఆ అంకె పలికితే నొక్కినట్టే. పేరు లేని బొమ్మల బటన్లకు అంతకంటే చేయగలిగింది లేదు. పేరున్న బటన్ అయితే ఆ పేరే పలకవచ్చు.

చూపు లేనివారి విషయంలో ఈ తేడా ఇంకా కఠినంగా ఉంటుంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను చూపు లేని ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టారు. అందులోని ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. సాఫ్ట్‌వేర్ తన బటన్ల పేర్లను విండోస్‌కు తెలియజేస్తేనే స్క్రీన్ రీడర్ వాటిని చదవగలదు. తెలియజేయకపోతే వినిపించేది 'బటన్, బటన్, బటన్' అన్న ఒక్క మాటే. పది బటన్లు దాటినా ఏది దేనికో తెలియదు. ఇందాక నేను అంతగా మెచ్చుకున్న బ్లెండర్ ఇక్కడ పూర్తిగా విఫలమవుతుంది. అది తన తెరనంతా తానే గీసుకుంటుంది కనుక స్క్రీన్ రీడర్‌కు ఆ కిటికీ లోపల ఏమీ కనిపించదు. త్రీడీ ఆకారాలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌క్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ దీనికి పూర్తి విరుద్ధం. అందులో ఆకారాన్ని మౌస్‌తో గీయడం ఉండదు, అక్షరాలతో రాయాలి: ఇంత కొలతల దిమ్మె, దానిలోంచి ఇంత వ్యాసార్ధపు స్తంభం తీసివేత, అని. రాసినది స్క్రీన్ రీడర్ చదువుతుంది, తయారైన ఆకారాన్ని త్రీడీ ప్రింటర్‌లో అచ్చు తీసి చేత్తో తడిమి సరిచూసుకోవచ్చు. చూపు లేనివారు త్రీడీ నమూనాలు తయారుచేస్తున్నారంటే దానికి కారణం ఇటువంటి రాత పద్ధతులే. దృశ్యమే ప్రాణం అనుకునే రంగంలోకి కూడా పేర్ల ద్వారా ప్రవేశం దొరుకుతుందని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

తెలుగులో పనిచేసేవారికి ఈ విషయంలో సొంత చిక్కు ఒకటి ఉంది. ప్లాన్‌లో పూజగది, వంటగది, వరండా అని తెలుగులో రాసి ఇమ్మని కొందరు ఇంటివాళ్లు అడుగుతారు. దానికోసం కీబోర్డును ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికకు మార్చి రాస్తాం. మళ్లీ ఇంగ్లీషుకు మార్చకుండా గీత కోసం ఎల్ మీట నొక్కితే కమాండ్ లైన్‌లో 'త' పడుతుంది, అటువంటి కమాండ్ లేదని జవాబు వస్తుంది. ఏ అక్షరం పడిందన్నది కాక ఏ మీట నొక్కారన్నది చూసే సాఫ్ట్‌వేర్లలో ఈ తిప్పలు ఉండవు, కానీ పేరు రాసి పిలిచే పద్ధతిలో అక్షరమే ముఖ్యం కనుక ఇది తప్పదు.

అలాగే, లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను తెలుగు ఇంటర్‌ఫేస్‌తో, అంటే తెలుగు మెనూలతో వాడుకోవచ్చు. 2021లో వచ్చిన 7.2 వెర్షన్ నుంచి అందులో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే కమాండ్లను వెతికే పెట్టె వస్తుంది. మెనూలు తెలుగులో ఉన్నప్పుడు ఆ పెట్టె వెతికేది కూడా తెలుగు పేర్లలోనే. కంప్యూటరును ఇంగ్లీషులో నేర్చుకుని, ఇప్పుడు తెలుగు మెనూలకు మారిన ఉపాధ్యాయుడికి 'పేజ్ బ్రేక్' అన్న మాటే నోటికి వస్తుంది, తెర మీద ఉన్న తెలుగు పేరు రాదు. బడిలో మొదటినుంచీ తెలుగు మెనూలే చూసిన పిల్లవాడికి ఇంగ్లీషు పేరు రాదు. ఇద్దరినీ కలుపుకుపోవడం కష్టమేమీ కాదు, దానికి దారి ఆటోక్యాడ్ ఎప్పుడో చూపించింది. జర్మన్, ఫ్రెంచ్ భాషల్లో వచ్చే ఆటోక్యాడ్‌లలో కమాండ్ల పేర్లు ఆ భాషల్లోనే ఉంటాయి; అయినా ముందు ఒక అండర్‌స్కోర్ పెట్టి ఇంగ్లీషు పేరు కొడితే ఏ భాష ఆటోక్యాడ్ అయినా అర్థం చేసుకుంటుంది. అందువల్లే ఒక దేశంలో అలా రాసిన లిస్ప్ మరో దేశంలో మార్పులు లేకుండా నడుస్తుంది. తెలుగు ఇంటర్‌ఫేస్‌ల మీద పనిచేసే స్వచ్ఛంద బృందాలు మెనూల అనువాదంతో పాటు ఈ ఒక్క విషయాన్ని కూడా తమ జాబితాలో చేర్చుకోవాలని నా విన్నపం: వెతుకుడు పెట్టె ప్రతి పనినీ దాని తెలుగు పేరుతోనూ, ఇంగ్లీషు పేరుతోనూ, ఇంగ్లీషు పేరును తెలుగు లిపిలో రాసినప్పుడు కూడానూ గుర్తుపట్టాలి.